మూడు ఊదుబత్తులు పట్టే గొట్టం

ఆ రోజుల్లో పెళ్లిళ్లు ఆగిపోవడానికి కారణాలకేం కరువు! జాతకం కలవలేదని ఒకటి ఆగేది, మేనత్త అలిగిందని ఇంకొకటి ఆగేది, వానలు మొహం చాటేశాయని సగం ఊరి పెళ్లిళ్లు మరుసటి ఏటికి వాయిదా పడేవి. నా పెళ్లికి మాత్రం లోకంలో ఎవరికీ రాని అడ్డంకి వచ్చింది. తుపాకి గొట్టం అడ్డం పడింది. నవ్వకండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను గానీ, అప్పుడు నా నెత్తిన నిప్పులు పోసినట్టే ఉండేది.

మా అమ్మ తమ్ముడిది బల్మూర్ పక్కన పల్లె. నల్లమల అంచు, పల్లి చేను, చేనికి అడవి పందుల బెడద. ఆయన తండ్రి నుంచి సంక్రమించిన బోల్టు రైఫిలు ఒకటి లైసెన్సుతో సహా ఇంట్లో ఉండేది కనుక ఊరంతా ఆయన్ని ‘తుపాకి మామ’ అనేవారు. ఆ తుపాకితో ఆయన పందిని కొట్టగా చూసినవాళ్లు లేరు. సాయంత్రం పూట దాన్ని భుజాన వేసుకుని గట్టు మీద అటూ ఇటూ తిరిగేవాడు. (పందులకు లైసెన్సు చూపిస్తే చాలునని ఆయన నమ్మకం అయి ఉండాలి.) ఆయనకు ఒక్కతే కూతురు, నాకు మరదలు. మా ఇద్దరికీ ఇష్టమే, పెద్దలకూ ఇష్టమే. నాకు వనపర్తిలో మోటారు పంపుల దుకాణంలో కొత్తగా ఉద్యోగం కూడా వచ్చింది. ఇక మామ ‘సరే’ అని పంచాంగం తెప్పించడమే తరువాయి.

సరిగ్గా ఆ సమయంలో మామ రైఫిలును శుభ్రం చేయించడానికి గద్వాల తీసుకెళుతూ నన్నూ జీపులో ఎక్కించుకున్నాడు. అక్కడ తుపాకులు బాగుచేసే ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు. ఆయన బోల్టు ఊడదీసి, గొట్టంలోకి కడ్డీ తోశాడు. కడ్డీ సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంకొంచెం గట్టిగా తోసేసరికి అవతలి వైపు నుంచి ముందు బూడిద రాలింది, తర్వాత పసుపు ముద్దలు, ఆ వెనకాల గుత్తులు గుత్తులుగా వెదురు పుల్లలు. ఉస్తాద్ ఆ పుల్ల ఒకటి తీసి వాసన చూశాడు.

“పటేల్ సాబ్, ఇది బందూకా, ఊదుబత్తి స్టాండా?”

విషయం ఏమిటంటే, ప్రతి దసరాకు మా అత్త ఆయుధపూజలో రైఫిలును గోడకు నిలబెట్టి, పసుపు నీళ్లతో కడిగి, బొట్లు పెట్టి, మూడు ఊదుబత్తులు వెలిగించి గొట్టం నోట్లో గుచ్చేది. కింద పెడితే ముగ్గు కాలుతుందట. పుల్లలు లోపలికి జారిపోతే పోయాయి, దేవుడికే కదా! ఇలా ఏళ్ల తరబడి చేసిన భక్తికి లోపల మరచుట్టులా ఉండాల్సిన గాడులన్నిటినీ తుప్పు తినేసి, గుంటలు పడిపోయాయి. “ఇందుల తూటా వెడ్తె ముందుకు వోతదో, మీ మొకం మీదికే ఒస్తదో నేను జెప్పలేను. గొట్టం మార్చాలె సాబ్” అన్నాడు ఉస్తాద్. నేను ఊరుకోవచ్చు కదా! పంపుల దుకాణంలో రోజూ గొట్టాలు అమ్మేవాణ్ని, నాకు తెలియని గొట్టమా అనుకుని, “చెడిపోయిన కాడికి కోసేసి కప్లింగ్ ఎయ్యరాదా?” అన్నాను. ఉస్తాద్ నన్ను కింది నుంచి పై దాకా చూసి, మామ వైపు తిరిగి, “ఈ పిలగాడు ఎవరు?” అని అడిగాడు. మామ కొంచెం ఆలోచించి, “మా అక్క కొడుకు” అన్నాడు. కాబోయే అల్లుడని అనలేదు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. పుల్లల గురించి కాదు. “గొట్టం చచ్చిన తుపాకి పగిలిన ఇగ్రహం లెక్కనే గదా. దానికి పూజ వెట్టరాదు. ఇంటి ఆయుధానికి పూజ గాకుంట ఈ ఇంట్ల పెండ్లి ముచ్చట ఎత్తరాదు, మా అత్త జెప్పింది” అంది. నేను నెత్తి పట్టుకున్నాను. మామ మాత్రం, నాకు బాగా గుర్తు, అంతవరకు దిగులుగా ఉన్న మనిషి కాస్తా తేటపడ్డాడు. “నిజమే. ముందుగాల గొట్టం ఖరారు గానీ. గుండు ఎంత లావుండాలె, ఏ బోరు వెట్టాలె, అన్ని ఇచారం జెయ్యాలె. తొందరేముంది?” అన్నాడు. తొందర నాది కదా మరి!

ఆ రోజు నుంచి నేను తుపాకి పండితుణ్ని అయిపోయాను. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రైఫిళ్ల గురించి చదివాను. (పక్క కుర్చీలో వాళ్లు కొంచెం జరిగి కూర్చునేవారు.) ప్రతి ఆదివారం కాగితాల మీద బొమ్మలు గీసుకుని బల్మూర్ బస్సెక్కేవాణ్ని. మొదట ట్వెంటీటూ బోరు అన్నాను. తేలిక, శబ్దం తక్కువ, భుజానికి తన్నదు. మామ చాలా శ్రద్ధగా విని, “దీనితోని ఉడుతలు కొట్టాల్నా? పందికి వీపు గోకినట్టుంటది. అదీగాక మీ అత్త మూడు ఊదుబత్తులు వెడ్తది, గంత సన్న గొట్టంల పడ్తయా?” అన్నాడు. మరుసటి వారం థర్టీ నాట్ సిక్స్ తీసుకెళ్లాను. బలమైనది, పంది కాదు కదా దాని తాత కూడా లేవడు. “నా చేన్ల కాలిస్తె అచ్చంపేటల బర్రె వడ్తది. మధ్యల గొర్లకాపర్లు తిరుగుతుంటరు, వాళ్ల గతేంది? నా భుజం గతేంది?” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. చివరికి అలసిపోయి, తిరిగి పాత బోరే, త్రీ ఫిఫ్టీనే పెట్టేద్దాం అన్నాను. “ఉన్నదే వెట్టనీకి గింత ఇచారం ఎందుకురా? కొత్తది సూడు” అన్నాడు మామ. ఒకవేళ కొత్త బోరు ఒప్పుకున్నా, బోల్టు మార్చాలి, లైసెన్సు మార్చాలి, కలెక్టరు కచేరీ చుట్టూ తిరగాలి. అదంతా నేను మొత్తుకుంటే, “పర్మిషన్ ముచ్చట నాకొదిలెయ్” అని మీసం దువ్వేవాడు.

చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. పందులు మా గొట్టం కోసం ఆగలేదు, మామ చేను తిని పక్క చేనికి కూడా వెళ్లాయి. ఊళ్లో నాకు ‘బ్యారెల్ అల్లుడు’ అని పేరు పడిపోయింది. బస్సు దిగగానే ఎవరో ఒకరు, “ఏమాయె అల్లుడా, గొట్టం కుదిర్నాదా?” అని పలకరించేవారు. వనపర్తిలో మా అమ్మ అయితే, “నా తమ్మునికి నువ్వు నచ్చలేదేమోరా, వేరే సంబంధం సూడాల్నా?” అంది. ఆ మాటకు నాకు ఏడుపొక్కటే తక్కువ. మరదలికి ఫోన్ చేసి ఆ మాట చెప్పేశాను.

“బావా, నీకు బోర్ల గురించి తెల్సు గని మా నాయిన గురించి తెల్వదు. ఈసారి గద్వాలకు నేనూ వస్త” అంది.

వచ్చింది. ఉస్తాద్ అప్పటికే హైదరాబాద్ నుంచి రెండు గొట్టాలు చూడటానికి తెప్పించి తెల్లగుడ్డ మీద పరిచాడు. ఒకటి త్రీ ఫిఫ్టీన్, ఇంకొకటి థర్టీ నాట్ సిక్స్. మామ వాటిని ఎత్తి చూశాడు, దించాడు, ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. “రెండు బాగనే ఉన్నయి గని…” అని మొదలుపెట్టాడో లేదో మరదలు ముందుకొచ్చింది.

“చాచా, తూటాలు సులభంగ దొరికేది ఏది?”

“త్రీ ఫిఫ్టీన్, బేటీ.”

“బోల్టు మార్చకుంట సరిపోయేది?”

“అదే.”

“లైసెన్సుల బోరు మార్చే పని లేనిది?”

“అదే గదమ్మా, నేను మొదట్ల నుంచి అదే జెప్తున్న.”

“ఇగ అదే బిగించు.”

మామ ఆఖరి అస్త్రం తీశాడు. “మల్ల మీ అమ్మ ఊదుబత్తులు…” అని ఇంకా నోట్లో మాట నోట్లోనే ఉంది, మరదలు చేతిసంచి తెరిచి మూడు ఊదుబత్తులు తీసి, ఆ కొత్త గొట్టాన్ని నిలబెట్టి అందులో టక్కున గుచ్చింది. నిటారుగా నిలబడ్డాయి. ఉస్తాద్ “యా అల్లా! తీ తల్లీ, తీ!” అని కేక పెట్టి వాటిని లాగేసి ఆమె చేతిలో పెట్టి, ఇకమీదట గొట్టంలో తూటా తప్ప ఏదీ పెట్టబోమని మామ చేత అక్కడికక్కడే ఒట్టు వేయించుకున్నాడు. నాకు పట్టరాని నవ్వు. మామ మాత్రం నవ్వలేదు. కూతురి చేతిలోని ఆ పుల్లల వంక చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు దారిలో ఆత్మకూరులో చాయ కోసం జీపు ఆపాం. మరదలు మిరపకాయ బజ్జీల కోసం పక్క బండి దగ్గరికి వెళ్లింది. మామ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగడం లేదు.

“నీ మీద కోపం గాదు అల్లుడా. ఇయ్యాల గొట్టం కుదిరింది. రేపు ముహూర్తం కుదుర్తది. ఎల్లుండి నువ్వు నా బిడ్డను తీస్కవోతవ్. పొద్దుగాల లేస్తె నాయినా అని ఎవరు పిలుస్తరు? గందుకే జర సాగదీసిన.”

అప్పటిదాకా ఆయన మీద నాకున్న మంట ఆ ఒక్క మాటతో చల్లారిపోయింది. కానీ వయసు చూశారా, ఓదార్చడం తెలియదు. “వనపర్తి ఎంత దూరం మామా, పొద్దుగాల బస్సెక్కితే…” అన్నాను. “దూరం ముచ్చట గాదురా పిచ్చోడా” అని, చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆయన కళ్లు తడిగా ఉంటే నేను జీపు టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాను.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. అత్త ఇప్పుడు దసరాకు రైఫిలు నోటికి గుడ్డ కట్టి, ఊదుబత్తులు అరటిపండుకు గుచ్చుతుంది. పందులు ఇప్పటికీ వస్తాయి. మామ ఇప్పటికీ గట్టు మీద తిరుగుతాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయికి ఈ ఏడు నాగర్‌కర్నూల్ వైపు ఒక హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటు వచ్చింది. దానికి ఒక ఇనుప పెట్టె కొనాలి. వనపర్తిలో పెట్టెల దుకాణాలన్నీ తిరిగాను. ఒకటి చిన్నది, దుప్పటి పట్టదు. ఇంకొకటి పెద్దది, పిల్ల ఎత్తలేదు. మరొకదాని గొళ్లెం వదులు, ఇంకోదాని రంగు బాగాలేదు. బడి తెరిచే రోజు దగ్గరపడింది గానీ పెట్టె కుదరలేదు. మా ఆవిడ రెండు రోజులు చూసి, “ఏందీ, నీకు మా నాయిన పూనిండా?” అని అడిగింది. నాకు అర్థం కానట్టే మొహం పెట్టాను. చివరికి నిన్న అమ్మాయే నా వేలు పట్టుకుని దుకాణానికి లాక్కెళ్లింది. ఒక నీలం పెట్టె ముందు ఆగి, ఎత్తి చూసింది, దించింది.

“అంకుల్, ఇది ఇయ్యుర్రి.”

“ఆగమ్మా, అమ్మమ్మ ఇచ్చిన పల్లిపట్టీల డబ్బా ఇందులో పడుతుందో లేదో…” అన్నాను. అది బడిసంచి విప్పి, డబ్బా తీసి, పెట్టెలో పెట్టి, మూత వేసి, నా వైపు చూసింది. అచ్చం వాళ్లమ్మ చూపే. నేను జేబులోంచి డబ్బు తీశాను.

పెట్టె పక్కన పెట్టుకుని బస్టాండులో కూర్చుని బల్మూర్‌కు ఫోన్ చేశాను. “మామా, పెట్టె కొన్నం” అన్నాను. అంతే అన్నాను. అవతల మామ సన్నగా నవ్వి, “యాడనన్న కూసోని ఒక చాయ తాగు అల్లుడా. సల్లారకముందే తాగు” అన్నాడు.