గద్దార్ ఆటలో నేనూ, వదినా

కళ్ళకు గంతలు కట్టి కూర్చోబెట్టినప్పుడు నేను మొక్కుకున్నది ఒక్కటే, ఆ చెయ్యి నా భుజం మీద పడకూడదని. పడింది. రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.

కడోదరా దాటాక హైవే పక్కన ఒక ఫామ్‌హౌస్. పట్టపగలు. ఫోన్లలో చూసే ఒక ఛానెల్ కోసం సూరత్‌లో కొందరు కలిసి పెట్టిన పోటీ అది. పది మంది ఆడతారు. అందులో ఇద్దరిని రహస్యంగా భుజం తట్టి గద్దార్లుగా, అంటే ద్రోహులుగా, ఎంచుతారు. ఆ ఇద్దరూ చాటుగా చీటీ రాసి ఒక్కొక్కరినే ఆటలోంచి తీసేస్తూ ఉంటారు. మిగతావాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, ద్రోహి ఎవరో వాదించుకుని, ఓట్లు వేసి ఒకరిని పంపేస్తారు. గద్దార్లు చివరిదాకా దొరక్కపోతే బహుమతి వాళ్ళది. దొరికిపోతే మిగిలినవాళ్ళలో ఒకరిది. గద్దార్‌నని తనంతట తాను బయటపెట్టిన మనిషి అక్కడికక్కడే ఔట్.

బహుమతి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్. ఫోన్లో మొహం కనబడాలన్న సరదా మాకేం లేదు, మిషన్ కోసమే వెళ్ళాం. అదీ వదిన కోసం. సూరత్ శివారు ఉన్‌ బస్తీలో అన్నావదినలతోనే నేనూ ఉంటాను. వదినా నేనూ ఒకే కార్ఖానాలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, కండెలు చుడతాం. ఏళ్ళ తరబడి ఆ మోతలో కూర్చుని వదినకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. మిషన్ ఉంటే ఇంట్లోనే చీరలకు పని చేసుకోవచ్చు, కుడి చెవైనా దక్కుతుంది.

"ఎవలు గెలిచినా మిషన్ మనింటికే గద పిల్లా. ఏంది, గిప్పట్నుంచే వణుకుతున్నవ్?" అని వెళ్ళేటప్పుడు ఆటోలో వదిన నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

గంతలు విప్పాక నేను ఆమె వైపు చూడలేకపోయాను. నిజానికి చెప్పడం ఎంతసేపు? సాంచాల మధ్య ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు కాబట్టి, కార్ఖానాలో మేమంతా చప్పుడు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటాం. ఎదుటి మనిషి మన పెదాలు చూసి తెలుసుకుంటుంది. అలా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నాలుగు వైపులా కెమెరాలు. పైగా వదిన మొహంలో ఏదీ దాగదు. ఈమెకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే అనుకున్నాను. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని తగలెయ్య!

నాతో పాటు భుజం తట్టించుకున్న రెండో మనిషి చీరల దుకాణం ఆయన. చీటీ రాయడానికి మమ్మల్ని వెనక గదిలోకి పిలిచినప్పుడు మొదట వదిననే తీసేద్దామన్నాడు. "వద్దు" అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. చివరికి ఒక ముసలాయన పేరు రాశాం. పాపం, ఆయన అప్పుడే అందరికీ తినమని వేయించిన పల్లీలు పంచాడు. ఆయన బ్యాగు సర్దుకుని వెళ్తుంటే నా నోట్లో ఇంకా ఆ పల్లీలే ఉన్నాయి.

తరువాత బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వదిన నాకు ఎదురుగా ఉంది. నా చేతులు బల్ల కింద దాచుకున్నాను. మొహం ఎక్కడ దాచుకోను? ఆమె నన్ను కాసేపు చూసి, పెదాలు కదిపింది.

"నువ్వేనా?"

"కాదు," అన్నాను పెదాలతోనే.

వెంటనే నమ్మింది. మొహం తేటపడింది. "అయితే భయమెందుకు? నేనున్న గద," అంది అలాగే.

మేం చేసిన పొరపాటు అదే. కార్ఖానాలో రోజూ చేసే పనే కాబట్టి, బయటివాళ్ళకు అది ఎలా కనబడుతుందో ఇద్దరికీ తట్టలేదు. ట్యూషన్లు చెప్పుకునే ఒకావిడ కుర్చీ జరుపుకుని లేచింది. "చూడండి చూడండి, వీళ్ళిద్దరూ గొంతు బయటికి రాకుండా మాట్లాడుకుంటున్నారు! గద్దార్లు వీళ్ళే!" అని హిందీలో అరిచింది. అందరి మొహాలూ మా మీదికి తిరిగాయి. కెమెరా ఒకటి నా ముక్కు దాకా వచ్చింది.

"ఏం మాట్లాడుకున్నారు?" అని ఆట నడిపేవాడు అడిగాడు. వదినకు ఎడమవైపు నుంచి అడిగాడు, ఆమెకు వినబడలేదు. నిజం చెప్పినా సరిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది. నువ్వేనా అంది, కాదన్నాను, అంతే కదా. కానీ భయంలో మనిషికి దగ్గరున్నదే చేతికి దొరుకుతుంది. నాకు వదిన దొరికింది.

"ఈవిడే గద్దార్. తరువాత ఎవరిని తీసేద్దామని నన్ను అడిగింది," అన్నాను హిందీలో.

ఆమెకు వినబడలేదనే అనుకున్నాను. తల ఎత్తితే, ఆమె కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి.

ద్రోహి తప్ప ఇంకెవరూ అలా అబద్ధమాడరు. ఆ సంగతి ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. వేలు చూపించి ఒక్క మాట అంటే చాలు, నేను దొరికిపోయేదాన్ని. అనలేదు. మిషన్ ఇంటికి రావాలి కదా. ఓట్లు రాసే పలక ఖాళీగానే బోర్లించింది. మిగతావాటిలో ఏడింటి మీద ఆమె పేరే, అందులో ఒకటి నా చేతిరాత. లేచి నిలబడి, "నేను గద్దార్ కాదు," అని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె కాదని తేలాక ఇంకేముంది, అందరూ నా మీద పడ్డారు. అందరికన్నా ముందు నా పేరు రాసి పలక ఎత్తింది చీరల దుకాణం ఆయనే. తరువాత ఆయనా దొరికిపోయాడు, మిషన్ చివరికి ట్యూషన్ల ఆవిడకు వెళ్ళింది.

తిరిగొస్తూ ఆటోలో, "నాతోని చెప్తే నేనే గద్దార్‌నని చెప్పి బయటికి పోతుంటి గద," అంది వదిన. తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి మళ్ళీ కార్ఖానా, మళ్ళీ కండెలు. నాలుగు నెలలు గడిచాక వదిన కుడి చెవిలో హోరు మొదలైంది. ఈ మధ్యే మన తెలుగు ప్రాంతం నుంచి సూరత్ వచ్చిన చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన చెవులు పరీక్షించి, మూతికి ఉన్న మాస్క్ తియ్యకుండానే నాతో అన్నాడు: "ఇది కూడా సగం పోయిందమ్మా. ఆ మోతలో పని మాన్పించకపోతే ఈ కాస్తా ఉండదు."

వదినకు వినబడలేదు. మాస్క్ చాటున పెదాలూ కనబడలేదు.

"సారేమన్నడు?" అని నన్ను అడిగింది.

నేను ఉన్నదున్నట్టు, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. ఒక్క అక్షరం దాచలేదు. ఆమె నా నోటి వైపే చివరిదాకా చూసింది. తరువాత బల్ల మీదున్న కాగితాన్ని డాక్టరు ముందుకు జరిపింది.

"సార్, జర రాసియ్యుండ్రి," అంది.

డాక్టరు అయోమయంగా నా వైపు చూసి, రాసి ఇచ్చాడు. వదిన చదివింది. నేను చెప్పిందే అందులో ఉంది. అయినా ఇంకోసారి చదివింది.