మా ఆఫీసు కంప్యూటర్‌కు మాటలొచ్చేటట్టు చేసిన యాకయ్య అన్న

నిన్న పొద్దుగాల మంచం మీదనే కూసోని ఫోన్ చదివి చెప్తుంటె మా వాట్సాప్ గ్రూప్ వింటున్న. అందరం చూపు లేనోళ్లమే ఉంటం అండ్ల.

గుడ్ మార్నింగ్‌లు వచ్చినయి. బస్ పాస్ రెన్యువల్ గురించి ఎవరో అడిగిండ్రు.
దాని ఎనుకనే, అదే గొంతుతోని, "యాకయ్య సార్ ఇక లేరు."

ఫోన్‌ల చదివే గొంతుకు ఏం తెలుస్తది. అన్నీ ఒక్క తీరుగనే చదువుతది.

మళ్ల ఎనుకకు పోయి విన్న. మా దిక్కు వాడకొక యాకయ్య ఉంటడు, వేరే ఎవరో అనుకున్న.

కొడకండ్లల అన్న ఇంటికి ఫోన్ చేసిన. అన్న భార్య రేణుక వదిన ఎత్తలే, ఆమె తమ్ముడు ఎత్తిండు.
"అవునక్కా, బావనే. నిద్రల్నే పోయిండు" అన్నడు.

తెల్వనోళ్లకు చెప్తున్న. యాకయ్య అన్నకు పుట్టుకతోనే చూపు లేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర సర్కారు బడిల సోషల్ సార్. సెలవొస్తె చాలు, జేబుల పెన్‌డ్రైవ్ ఏసుకొని బస్సెక్కుతుండె. మహబూబాబాద్, భూపాలపల్లి, ఎవరు పిలిస్తె ఆడికి.

చూపు లేనోళ్ల కంప్యూటర్ల స్క్రీన్ రీడర్ పెట్టిస్తుండె. స్క్రీన్ మీద ఏమున్నదో చెవులకు చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ అది.

నాకు గట్లనే ఎరుక.

నేను జనగామల ఒక ఆఫీసుల టైపిస్ట్‌ను. నౌకరి వచ్చినప్పుడు చూపు జర ఉండె. రెటీనా ప్రాబ్లం. మెల్లమెల్లగ మొత్తం పోయింది.

ఆఫీసుల నన్ను ఎవ్వరు ఒక్క మాట అనలే. "నువ్వు కూసో అక్కా, మేం చేసుకుంటం" అనేటోళ్లు.

పొద్దంత కూసునుడే. చాయ్ వస్తె తాగుడు. జీతం వస్తుండె గని, ఆడ నేను ఉన్నా లేకున్నా ఒక్కటే. రాజీనామా చేస్తనని ఇంట్ల చెప్పిన కూడ.

గప్పుడే గ్రూప్‌ల అన్న నంబర్ దొరికింది. దసరా సెలవులల్ల వచ్చిండు.

వస్తనే అడిగిండు, "స్పీకర్ ఉన్నదా చెల్లె?"
లేదు. మా ఆఫీసుల ఏ కంప్యూటర్‌కు లేదు.
జేబులకెల్లి ఇయర్‌ఫోన్స్ తీసిండు. ఒకటి తన చెవుల, ఒకటి నా చెవుల.

పెన్‌డ్రైవ్ తెరిచేదాక పక్క సీటు రమేశ్ సాయం చేసిండు. చెవుల గొంతు మొదలైనంక, "తమ్మీ, ఇగ నువ్వు నీ పని చూసుకో" అన్నడు అన్న. తను మాత్రం కీబోర్డ్ ముట్టలే.

"అన్నా, మీరే చెయ్యుండ్రి. నాతోని కాదు."
"నేను చేసి పోతె రేపు ఆగినప్పుడు ఘన్‌పూర్ నుంచి ఉరికి రావాల్నా? నువ్వే నొక్కు."

ట్యాబ్ నొక్కు. ఏమన్నది? అది కాదు, ఇంకోపారి. ఆ, గిప్పుడు ఎంటర్.

తెలుగు గొంతు పెట్టుకున్న. కంప్యూటర్ ఆన్ చేస్తనే అది కూడ మొదలయ్యేటట్టు పెట్టుకున్న. మొత్తం బంద్ చేపిచ్చి, మళ్ల నాతోనే ఆన్ చేపిచ్చిండు. పాస్‌వర్డ్ కొట్టుమని గొంతు అడిగింది. కొట్టిన.

ఖుషీతోని నా పాత లెటర్ ఒకటి తెరిచిన, నా చేతులతోని టైప్ చేసిందే.

అంత గజిబిజి. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు ముక్క లేదు.

"ఇది నా ఫైల్ కాదన్నా."
"నీదే. మీ ఆఫీసుల పాత ఫాంట్ వాడుతున్నరు. కండ్లకు తెలుగే కనిపిస్తది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు. యూనికోడ్‌ల, అంటె ఫోన్‌ల వాడే తెలుగుల కొడ్తెనే ఇది చదువుతది."

ఆఫీసుల అందరికీ ఆ పాత ఫాంట్ కీబోర్డే వచ్చు. ఇగ అయిపోయిందనుకున్న.

అన్న లేచి మా ఆఫీసర్ సార్ రూంకు తీస్కపొమ్మన్నడు.

"అందరికీ అదే అలవాటయ్యా, ఎట్ల మారుస్తరు?" అన్నడు మా సార్.
"అందర్ని మార్చుమంటలేను సార్. ఈమె దగ్గరికొచ్చే కాగితాలు మాత్రం యూనికోడ్‌ల ఇయ్యుండ్రి. ఈమె మీకు పని చేసి ఇస్తది."

సార్ రమేశ్‌ను పిలిచి చెప్పిండు. రమేశ్ కొత్త కీబోర్డ్ నేర్చుకునేదాక గులుగుతనే ఉండె, పాపం.

గట్ల నేను కొట్టిన మొదటి లెటర్, నర్మెట్ట రైతు ఒకాయన అర్జీకి జవాబు. టైప్ చేసిన, విన్న, దిద్దిన, ప్రింట్ ఇచ్చిన. సార్ చదివి సంతకం పెట్టి పక్కకు పెట్టిండు. శభాష్ అనలే, ఏమనలే. అందరి కాగితాల లెక్కనే.

నాకు గదే కావాలె. రాజీనామా మాట మళ్ల ఎత్తలే.

నిన్న మా ఆయన బండి మీద కొడకండ్లకు తీస్కపోయిండు.

ఆడ ఫ్లెక్స్‌కు ఫోటో కావాలంటున్నరు. ఫోటోలన్నీ అన్న ల్యాప్‌టాప్‌ల ఉన్నయి. తెరిస్తె స్క్రీన్ నల్లగ ఉన్నదట, కరాబైందనుకున్నరు. కరాబు కాలే. అన్నకు స్క్రీన్‌తోని పనేంది, బంద్ పెట్టుకున్నడు.

నా ఒడిల పెట్టిండ్రు. గొంతు ఎంత స్పీడున్నదంటె, నేను కూడ చెవి పెట్టి పట్టుకోవాల్సి వచ్చింది. అన్న గంత స్పీడ్‌ల వింటుండె.

ప్రతి ఫోటోకు పేరు పెట్టుకున్నడు.
"బడి పిల్లలు, వానల."
"అవ్వ, కొత్త చీర."
ఒక్కొక్కటి దిగుకుంట పోయిన. ఒక దగ్గర ఆగిన.

రేణుక వదిన నా భుజం పట్టుకున్నది. "ఏమంటుంది స్వరూపా? నాకు ఒక్క ముక్క తెలుస్తలేదు."

నిమ్మలంగ ఆ ఫోటో పేరు చెప్పిన.
"నేను. రేణుక మంచిగొచ్చిందన్నది."

"గదే పెట్టుండ్రి" అన్నది వదిన.

ఫ్లెక్స్ మీద గదే పెట్టిండ్రు. ఆ ఫోటో ఎట్లుంటదో అన్నకు తెల్వదు, నాకూ తెల్వదు. వదిన మంచిగొచ్చిందన్నది. మా ఇద్దరికీ గంతే చాలు.

పోయిరా యాకయ్య అన్నా.
యాడున్నా నీ పాణం నిమ్మలంగ ఉండాలె.