గోడలో గ్యాసు గొట్టం

సైన్సు మాస్టరు మదన్‌మోహన్ పొద్దుటి చాయ్ అరుగు మీదే తాగుతాడు. వంటింట్లో కట్టెల పొగకు ఆయన కళ్లు మండుతాయి. ఆ పొగలోనే భార్య భాగీరథి దగ్గుతూ వండుతుంది. పంతొమ్మిదివందల అరవై రెండులో శిక్షణకు హైదరాబాదు వెళ్లినప్పుడు, రాక్షసిబొగ్గును హైడ్రోజన్‌తో కలిపి, బాగా వేడిచేసి, ఒత్తిడిపెట్టి గ్యాసుగా మార్చడం ఒక ప్రయోగశాలలో చూశాడు. జహీరాబాదుకు రాగానే పొయ్యి పక్క గోడకు రంధ్రం కొట్టించి, ఇనుప గొట్టం బిగించి, బయటి కొనకు బిరడా పెట్టాడు. మూడేళ్లయినా గ్యాసు రాలేదు. బిరడా మీది దుమ్ము మాత్రం ఆదివారం ఆదివారం తుడుస్తాడు. మొన్న భాగీరథి పొగగూడు కట్టించాలని కోహీర్ నుంచి మేస్త్రి గుండయ్యను పిలిపిస్తే, మాస్టరు వద్దని చూపుడువేలు ఆడించాడు.

"పొగగూడెందుకయా? బొగ్గు గ్యాసొస్తే పొగే ఉండది."

"అప్పటిదంక అమ్మ ఊపిరి వీల్చొద్దా సారూ?"

"జర ఆగాలె. సైన్సుకు టైం పడ్తది," అని మాస్టరు బడికి వెళ్లిపోయాడు.

భాగీరథి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గుండన్నా, గా గొట్టం జర గుంజిచ్చి పో."

గొట్టం ఊడగానే ఆ రంధ్రంలోంచి పొగ వీధిలోకి పోయింది. బిరడా తీసి, అదే గొట్టంతో ఆమె పొయ్యి ఊదింది. మర్నాడు మాస్టరు వంటింట్లోనే కూర్చుని చాయ్ తాగాడు. బడికి పోయి తోటి పంతుళ్లతో, "నేను వెట్టిచ్చిన గొట్టం ఎంత పనికొచ్చిందో చూసిన్రా?" అన్నాడు.