గట్టు మీద సిమెంటు గంప

మా రైల్వే స్టేషన్‌ను పురాతన కట్టడంగా తీర్చిదిద్దుతున్నారని తెలిసిన రోజు నాకు మోకాళ్లు నొప్పి పెట్టాయి. స్టేషన్ కడుతుంటే పలక చంకన పెట్టుకుని వెళ్లి చూసినవాణ్ణి. అది పురాతనమైతే నేనేమిటి?

రాతి పని వాళ్లది, రాత పని నాది. రిటైరైన తెలుగు మేష్టారు ఖాళీగానే ఉన్నాడు కదా అని, గోడకు తగిలించే బోర్డుకు స్టేషన్ చరిత్ర రాయమన్నారు. పనులు చూసే కాంట్రాక్టరు మర్యాదస్తుడు.

"బ్రిటిష్ వాళ్లు కట్టారని మొదలుపెట్టండి సార్" అన్నాడు.

"వాళ్లు వెళ్లిపోయాకే కదండీ కట్టింది. కొండల అవతలి ఇనుప ఖనిజం కోసం వేసిన లైను ఇది."

"టూరిస్టులు నొచ్చుకుంటారు సార్."

ఎవరినీ నొప్పించడం నాకూ ఇష్టం లేదు. ఎవరు కట్టారో వదిలేసి, ఎలా కట్టారో రాయడానికి కూర్చున్నాను. వాన నీళ్లు జారిపోయే ఏటవాలు కప్పు, ఇక్కడి కొండరాయితో లేపిన మందపాటి గోడలు. నేను గోడల గురించి రాస్తుండగానే వాటికి సిమెంటు పూసేశారు. ఆ సిమెంటు మీద రంగుతో రాళ్ల బొమ్మలు గీశారు. రాళ్లు ఇప్పుడే అచ్చం రాళ్లలా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, తాగుతున్న టీ కాంట్రాక్టరుగారిది మరి.

ఇక మిగిలింది ప్లాట్‌ఫారం చివర, గోడను ఆనుకుని భుజమెత్తున ఉన్న రాతి గట్టు. కొండ దిగి వచ్చే ఆడవాళ్లు తల మీది గంపను మరొకరి సాయం లేకుండా దాని మీదికి జరుపుకుంటారు. రైలొచ్చాక మళ్లీ అలాగే తలకెత్తుకుంటారు. కొత్త ప్లానులో ఆ గట్టు లేదు.

ఆ కబురు నాకు మోసుకొచ్చింది సీతాఫలాలమ్మే ఆవిడ. నా దగ్గర అయిదో తరగతి దాకా చదివి, ఇక చాలని నన్ను వదిలేసిన మనిషి.

"మేస్టారూ, గట్టు కొట్టేత్తారంట. గంప దించమని రోజూ ఎవుల్ని బతిమాలను? మెడ పట్టేత్తాది. మీ బోర్డులో దాని గురించి ఓ ముక్క రాసీండి."

"రాస్తే ఆగుతారంటావా?"

"మీరు రాసింది ఎవులూ సదవరు గానీ, బోర్డు మీదుంటే బయపడతారు."

గట్టు ఎందుకుందో ఉన్నదున్నట్టు రాశాను. కాంట్రాక్టరు చదివి కదిలిపోయాడు. "ఇంత సంస్కృతి ఉందని ముందే చెప్పొద్దా సార్" అని గట్టు జోలికి పోవద్దని కూలీలకు చెప్పాడు. నా రాతకు ఒక రాయి ఆగిందని ఇంట్లో రెండుసార్లు చెప్పుకున్నాను.

కొన్నాళ్లకు వెళ్లి చూస్తే గట్టు తళతళలాడుతోంది. నడుమ పెద్ద సిమెంటు గంప, దాని నిండా సిమెంటు సీతాఫలాలు. ముందు రెండు స్తంభాలు, వాటి మధ్య గొలుసు. అంతలో ఆవిడే నిండు గంపతో వచ్చి ఆగింది.

"ఇదేటి మేస్టారూ? గట్టు ఉంచమంటే సిమెంటు గంపని కూకోబెట్టీసినారు."

"నేను రాసిందల్లా..."

"మీ రాత తరవాత. ముందు గొలుసు తియ్యండి బేగి, మెడ లాగేత్తంది."

వంగి కొక్కెం తీశాను. సిమెంటు పళ్ల మీదికే గంప జరిపి, మెడ అటూ ఇటూ తిప్పుకుంది. ఫొటోల కోసం నిలబడ్డ టూరిస్టులు నిజం పళ్లు చూసి మూగారు. కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. ఒకావిడ పండు విప్పుకుంటూ, ఏర్పాటు చాలా బాగుందని అతన్నే మెచ్చుకుంది. అతను కాసేపు ఆలోచించి "థాంక్యూ మేడమ్" అన్నాడు.

అయినా గొలుసు మాత్రం రోజూ మళ్లీ తగిలిస్తారు. రైలు వేళకు నేను వెళ్లి తీస్తుంటాను.

"మెల్లిగా వంగండి మేస్టారూ" అంటుంది ఆవిడ గంప కిందనుంచి. "పాత సరుకు, ఇరిగిపోతాది."

గొలుసు కొత్తదే.