కళాయి పైడయ్య అతికిన గాలిమోటారు

మా తాత పైడయ్య కళాయి వేసేవాడు. తిత్తి, బొగ్గు, తగరం కావడిలో పెట్టుకుని శృంగవరపుకోటలో బయలుదేరి, ఘాటీ ఎక్కి, అరకు సంతకు చేరేవాడు. ఎక్కడానికి రెండు రోజులు పట్టేది. దారిలో ఎవరైనా తోడు దొరికితే మూడు రోజులు, ఎందుకంటే మా తాతకు నడుస్తూ పోట్లాడటం చేతకాదు. పోట్లాడాలంటే కావడి దించాల్సిందే.

కొండమీద అప్పట్లో ఇత్తడి గిన్నెలున్న ఇళ్లు గూడేనికి నాలుగైదు. పెళ్లికైనా పండక్కైనా ఆ గిన్నెలే ఊరంతా తిరిగేవి. మా తాత వాటిని చేతుల్లోకి తీసుకుని ముందు తిరగేసి చూసేవాడు. అంచు ఎక్కడ అరిగింది, బొటనవేలు ఆనేచోట ఎంత నునుపు తేలింది, మసిగుడ్డ పట్టిన పక్క ఎంత మబ్బుగా ఉంది, అన్నీ చూశాకే కొలిమి రాజేసేవాడు. "ఈ గిన్నె ఎడంసేతి మనిసిది," అని చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. నిజం కానప్పుడు, ఆవిడే ఈమధ్య చెయ్యి మార్చుకుందని వాదించేవాడు.

కొత్త రేకులన్నీ ఒకేలా మెరుస్తాయనీ, మనిషి వాడిన రేకులు ఏ రెండూ ఒకలా ఉండవనీ అంటుండేవాడు. ఇంట్లో మాకు ఈ మాట విని విని విసుగొచ్చేది. దాని వెనక ఏం జరిగిందో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. కొంత ఆయనే చెప్పాడు. మిగతాది మంగ్లు చెప్పాడు.

మంగ్లు, బుధు ఇద్దరూ అరకు పక్కన కొండవాలులో ఉన్న పనసగుడ వాళ్లు. ఒకే ఈడు. మొదటి పెద్ద యుద్ధం ముగిసే రోజుల్లో కూలీలను పోగుచేసుకోవడానికి వచ్చిన మేస్త్రీ వెంట కొండ దిగి, ఓడెక్కి, దొరల సిపాయిలు మకాం వేసిన బస్రా రేవుకు వెళ్లారు. రెండేళ్లు దాటాక మంగ్లు ఒక్కడే తిరిగొచ్చాడు. బుధు జ్వరంతో అక్కడే పోయాడు. వాడి తల్లి సోములమ్మకు వాడు తప్ప ఇంకెవరూ లేరు.

మంగ్లు ఊళ్లో అడుగుపెట్టి ఆ కబురు చెప్పగానే ఆవిడ ఏడుస్తూ అడిగిన మొదటి మాట, "నా గుంటడు అక్కడ ఏటి పని సేసీవోడు?" అని. మంగ్లు భుజంమీది మూట దించాడు. తర్వాత ఒక్కసారిగా, "గాలిమోటారు తుడిసీవోడు పిన్నీ," అన్నాడు. అది ఆకాశంలో ఎగిరే బండి అనీ, వెండిలా మెరుస్తుందనీ, దాన్ని రోజూ తుడిచే పని దొరలు బుధుకే అప్పగించారనీ చెప్పాడు. ఏడుస్తున్న మనిషి మొహంలో వెలుగొచ్చింది. ఆ వెలుగు చూశాక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. నేనైతే తీసుకునేదాన్ని కాను.

అయితే ఆ ఊరికి ఒక కట్టు ఉంది. పరాయిచోట చనిపోయి, శవం కూడా ఇంటికి రాని మనిషి ఉంటే, ఆ మనిషి చెయ్యి ఆఖరుసారి పట్టుకున్న వస్తువును తెచ్చి, పోయినవాళ్ల పేరున నిలిపిన పెద్దల రాయి కింద పెట్టాలి. అసలు వస్తువు దొరక్కపోతే దాని బొమ్మ చేసి పెట్టొచ్చు. అప్పుడే కొత్తల పండగనాడు, కొత్త సామలు వండి పెద్దలకు పెట్టేటప్పుడు, ఊరి పూజారి అయిన దిసారి ఆ పేరు కూడా పిలుస్తాడు. పేరు పిలవకపోతే ముద్ద లేదు. ఆకలితో ఊరి బయటే తిరగాలి. ముట్టని వస్తువు పెడితే ఇంకా అన్యాయం. చనిపోయినవాడు వచ్చి చూసి, ఇది నాది కాదనుకుని, మళ్లీ ఎప్పటికీ రాకుండా వెళ్లిపోతాడని వాళ్ల భయం.

బుధు పేరు లేకుండానే ఒక కొత్తల పండగ గడిచిపోయింది. రెండోది దగ్గరపడుతుంటే సోములమ్మ మంగ్లును పిలిచి గాలిమోటారు బొమ్మ చెక్కమంది. మంగ్లు మంచి పనిమంతుడు. అంకుడు కర్రతో మూరెడు పొడవు బొమ్మ చెక్కాడు. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు, కింద చక్రాలు, ముక్కు దగ్గర గిర్రున తిరిగే ఆకు, అన్నీ కుదిరాయి. ఇక మెరుపు ఒక్కటే తక్కువ. సోములమ్మ దాన్ని పాతచీర ముక్కలో చుట్టి, మంగ్లును వెంటబెట్టుకుని, సంతలో మా తాత కొలిమి దగ్గరికి వచ్చింది.

"తమ్ముడా, దీన్ని నిజం రేకులాగ సెయ్యాల. నా గుంటడు తుడిసినట్టే ఉండాల," అంది.

"కర్రకి కళాయేటి అప్పా? కొలిమిలో ఎడితే కాలిపోద్ది," అని మా తాత విసుక్కున్నాడు. సంగతంతా విన్నాక మాత్రం బొమ్మను రెండు చేతులతో అందుకున్నాడు. పండగ ఇంకా పది రోజులుంది. కొండ దిగి మళ్లీ ఎక్కితే పని తెమలదని, పనసగుడలోనే మంగ్లు వాళ్ల అరుగుమీద మకాం పెట్టేశాడు.

ముందు చింతపిక్కల గుజ్జు పూసి కర్ర పీచును పూడ్చాడు. ఆరాక గరుకైన పారిజాతం ఆకుతో రుద్దాడు. మళ్లీ పూశాడు, మళ్లీ రుద్దాడు. కళ్లు మూసుకుని బొమ్మను బుగ్గకేసి రాసుకుని, ఎక్కడైనా గీత తగిలితే మళ్లీ మొదలు. మూడు రోజులు ఇదే. మంగ్లుకు విసుగొచ్చి, పైన తగరం వస్తుంది కదా, కింద ఎలా ఉంటే ఏమని అడిగాడు. తగరం కింద ఏదీ దాగదనీ, వెంట్రుకంత గీత ఉన్నా మెరుపులో బయటపడుతుందనీ మా తాత కసురుకున్నాడు.

తర్వాత తగరాన్ని తోలుముక్కల మధ్య పెట్టి, రాతిమీద ఉల్లిపొరంత పలచగా సాగగొట్టాడు. దాన్ని చిన్న చిన్న రేకులుగా కోసి, చెట్టు జిగురుతో అతికాడు. ఒక రేకు అంచుమీద ఇంకో రేకు అంచు ఎక్కేలా, నిజంగా రేకులు పరిచి మేకులు కొట్టినట్టే అతికి, సూదిమొనతో మేకుల గుర్తులు పొడిచాడు. అడవిపంది కోరతో ఒత్తి రుద్ది నునుపు తేల్చాడు. అన్నిటినీ ఒకేలా మెరవనివ్వలేదు. ఒక రేకును బూడిదతో తోమాడు, ఒకదాన్ని చింతపండుతో, ఇంకోదాన్ని ఉత్త గుడ్డతో. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి నోరు తెరిచారు. కర్ర అంటే నమ్మలేదు. వేలితో కొట్టి చూస్తామంటే మా తాత చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇక మిగిలింది మనిషి చెయ్యి. రోజూ ఒకడు తుడిచిన వస్తువు మీద వాడి చెయ్యి కనిపించాలని మా తాత పట్టు.

"ఒరే మంగ్లూ, తుడిసినపుడు ఆడు రెండో సెయ్యి ఎక్కడ ఆనించీవోడు?"

"ఏటో మావా, సూళ్లేదు."

"పోనీ, ఏ రేకు బేగి మసకబారీది?"

"అంతా మెరిసీది మావా. అంతా ఒకేలాగ."

మర్నాడు అడిగినా అదే జవాబు. మూడోనాడు, రెక్కమీద కాలు పెట్టి ఎక్కేవాడా అని అడిగాడు. మంగ్లు మళ్లీ, "అంతా ఒకేలాగ మెరిసీది," అన్నాడు.

మా తాత కోర కింద పెట్టేశాడు. "తుడిసినోడి పక్కనున్నోడు ఆ మాటనడురా. దూరాన్నించి సూసినోడికే అంతా ఒకేలాగుంటాది," అన్నాడు.

మంగ్లు తల వంచుకుని భుజాలు కదిలిపోతూ ఏడ్చాడు. నిజం అప్పుడు బయటికొచ్చింది. బుధు ఏ రోజూ గాలిమోటారును ముట్టుకోలేదు. ఇద్దరూ గోతులు తవ్వే కూలీలు.

మా తాతకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఈ బొమ్మ రాయి కింద పెడితే ఆ తల్లికి కొడుకు రెండోసారి పోయినట్టే. నిజం చెబితే ఆవిడ మొహంలో ఉన్న ఆ కాస్త వెలుగూ పోతుంది. అసలు తను అడక్కుండా ఉంటే సరిపోయేది కదా అనుకున్నాడట. అయినా, "నాకు తెలీని సెయ్యి గుర్తు నాను ఎట్టను. నువ్వెల్లి సెప్పు," అన్నాడు.

"నువ్వూ రా మావా," అన్నాడు మంగ్లు. ఇద్దరూ వెళ్లారు.

సోములమ్మ వాకిట్లో సామలు దంచుతోంది. మంగ్లు నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ రోకలి గోడకు ఆనించి, దగ్గరికొచ్చి, ఎడంచేత్తో వాడి చెంపమీద ఒక్కటి కొట్టింది. తర్వాత రోలు పక్కన కూలబడింది.

"మరి నా గుంటడి సెయ్యి ఆఖర్న దేన్ని ముట్టుకుంది?"

"పార పిన్నీ. సిపాయిల మరుగుదొడ్లకి గోతులు తవ్వీవోళ్లం. జ్వరంలోనే తవ్వినాడు. పార పట్టుకునే పడిపోనాడు."

"ఆ మాట సెప్పకుండా ఈ గాలిమోటారేటిరా?"

మంగ్లు కళ్లు తుడుచుకున్నాడు. "ఆడికి దానిమీద మోజు పిన్నీ. గాలిమోటార్లు దిగే మైదానం సుట్టూ తీగల కంచె. పొద్దుగూకితే కంచె కాడ నిలబడి సూసీవోడు. ముట్టుకుంటానని ఒకపాలి దాటినాడు. కాపలావోడు తుపాకీ తిరగేసి కొట్టి ఎల్లగొట్టినాడు. నువ్వడిగితే నాకు ఆ మాటే నోటికొచ్చింది."

ఆవిడ లేచి రోకలి అందుకుని, "పార సెక్కు," అంది. మంగ్లు ఆ పూటే చెక్కాడు. మా తాత దానికి తగరం అతికాడు. పార ఎక్కడ అరుగుతుందో ఆయన ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. మట్టిలో దిగే అంచును తళతళలాడించి, పైభాగాన్ని బూడిదతో మసకబరిచి, కర్రమీద రెండు చేతులు పట్టే చోట్లు నూనెతో నునుపు చేశాడు. కొత్తల పండగనాడు దాన్ని పెద్దల రాయి కింద పెట్టారు. దిసారి పేర్లు పిలుస్తూ పిలుస్తూ, ఆఖర్న బుధు పేరు పిలిచాడు. సోములమ్మ ఆకులో ముద్ద పెట్టి, నీళ్లు వదిలి, లేచి వచ్చింది.

గాలిమోటారు మాత్రం ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. గుమ్మం పక్కన చూరుకు తాడు కట్టి వేలాడదీసింది. దానిమీద ఎవరి చేతి గుర్తూ లేదు. మా తాత పెట్టలేదు.

తర్వాత సంతలకు వెళ్లినప్పుడు ఆవిడ చుట్ట కాలుస్తూ కొలిమి దగ్గరికొచ్చి కూర్చునేది. ఆ మాట ఈ మాట చెప్పుకునేవాళ్లు, గాలిమోటారు మాట తప్ప. మూడేళ్లు పోయాక ఆవిడ సంతకు నడవలేని స్థితికి వచ్చిందని తెలిసి, మా తాతే పనసగుడ వెళ్లాడు. గుమ్మం దగ్గర అలవాటుగా బొమ్మను చేతుల్లోకి తీసుకుని తిరగేశాడు. ముక్కుకు ఒక పక్క, అరచెయ్యంత మేర తగరం అరిగిపోయి కర్ర తేలింది. చుట్టూ రేకు మసకబారి, నునుపెక్కి ఉంది. వేళ్లు ఆనిన తీరు చూస్తే, అది ఎడమచేతి వాటం మనిషి చెయ్యి.

"తగరం అరిగిపోనాది అప్పా. అతికీమంటావా?" అన్నాడు.

"వద్దు తమ్ముడా. బుధు ముట్టుకున్న సోటది. ఇంటికొచ్చినోడు ముట్టుకోడేటి? ఇక్కడ కంచె నేదు కదా," అంది సోములమ్మ. అంటూ నీళ్ల చెంబు అందించింది. ఆవిడ ఎడమ అరచెయ్యి తగరం అంటి బూడిదరంగుగా ఉంది.

మా తాత నీళ్లు తాగాడు. సంచి విప్పలేదు. అరిగిన గిన్నె కనిపిస్తే అడక్కుండానే తగరం తీసే మనిషి, ఆ బొమ్మను ఎలా ఉన్నదాన్ని అలాగే చూరుకు తగిలించేసి, సంతకు కూడా వెళ్లకుండా కొండ దిగాడు. అనంతగిరి దగ్గర కావడి దించాడట. పోట్లాడటానికి పక్కన ఎవరూ లేరు. ఒక్కడినే కూర్చుని ఏడ్చానని ఆయనే చెప్పాడు.