ఒక్క నిమిషంగారు

ఎవరేమడిగినా చూపుడువేలెత్తి "ఒక్క నిమిషం" అనడం పరిశోధకుడుగారి అలవాటు. ఆ నిమిషం ముగియగా చూసిన పుణ్యాత్ములు ఇంతవరకూ లేరు. ప్రయోగశాలలో ఆయన, పనులు పంచుకోవడానికని కంప్యూటర్ల మధ్య ఒక సంత పెట్టారు. అందులో ప్రోగ్రాములే బేరగాళ్లు, పనులే సరుకు. ఆలస్యంగా బదులిచ్చే యంత్రాన్ని మళ్లీ అడగవద్దని ఆయనే వాటికి నేర్పారు. అంతే, నెట్‌వర్క్ మీది భారం మంత్రించినట్టు సర్దుకుంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి, తాను చూస్తానన్న కుళాయిని బావమరిది బాగుచేసేశాడు. కూతురు లెక్కలు అతణ్ణే అడుగుతోంది. భార్య ముగ్గురికే కంచాలు పెట్టింది.

"మరి నాకో?" అన్నారాయన. ఎవరూ తల తిప్పలేదు. ఆయన కూతురి పక్కకెళ్లి వంగారు. "అమ్మలూ, నేను నీకు కనబడుతున్నానా?"

పాప పెన్సిలు ఆపింది. ఆయన వైపు చూడకుండానే, "మామయ్యా, నాన్న ఏదో అడుగుతున్నారు. కాస్త నువ్వు చెప్పవా?" అంది.