కుంటికాలి చాళ్లు

అచ్చియమ్మ నిద్ర ఊళ్లో పేరుమోసిన నిద్ర. డుంబ్రిగుడ సంత నుంచి జీపులో కిక్కిరిసి వస్తూ, ఒళ్లో బుట్ట పెట్టుకునే గుర్రు పెట్టేది.

"కోడి నన్ను లేపుద్ది. దీన్ని లేపడానికి కోడి సాలదు, నాను లేవాల," అని మొగుడు సుక్రు నవ్వేవాడు.

సుక్రుకి ఎడమకాలు కుంటి. చిన్నప్పుడు పనసచెట్టు మీంచి పడ్డాడు. కాఫీ గింజలు కళ్లంలో ఎండబోస్తే అందరిలాగే కాళ్లతో తిరగేసేవాడు గాని, అతను నడిచిన చాళ్లు ఎవరైనా పోల్చుకునేవారు. ఒకటి లోతు, ఒకటి ఈడ్పు.

దసరా వెళ్లాక అతనికి జ్వరం పట్టుకుంది. మూడు రాత్రులు కన్ను మూయకుండా కూర్చున్న అచ్చియమ్మకు నాలుగోనాడు తెల్లవారుజామున కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి సుక్రు చల్లబడిపోయాడు. చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. ఆ చేతికి అందనంత దూరంలో ఖాళీ చెంబు దొర్లి ఉంది. నీళ్లకోసం ఎన్నిసార్లు పిలిచాడో ఆమెకు తెలియదు.

పదోనాడు గడపలో బూడిద పోసి, పోయినవాడి అడుగు కోసం చూశారు. ఏ జాడా పడలేదు. నామీద కోపంతోనే వెళ్లిపోయాడు, అనుకుంది అచ్చియమ్మ. అప్పటినుంచి నిద్రంటే భయం. రెప్ప వాలుతుంటే మొహాన చన్నీళ్లు కొట్టుకునేది. చోడిజావ కలుపుతూ పొయ్యిమీదికి తూలేది.

కాఫీ పంట కళ్లంలోకి దిగింది. ఒక పొద్దున చూస్తే, మంచుకి కప్పిన టార్పాలిన్ మడతపెట్టి పక్కనుంది. గింజల నిండా చాళ్లు. ఒకటి లోతు, ఒకటి ఈడ్పు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

మూడోసారి ఆ చాళ్లు సుక్రు చెల్లెలు ఈశ్వరమ్మ కంటపడ్డాయి. "మా అన్నే వొదినా. మల్లీ బూడిద పోసి సూద్దాం," అంది.

మర్నాడు గడపలో అడుగులున్నాయి. ఈశ్వరమ్మ వంగి చాలాసేపు చూసింది.

"మా అన్నకి పది యేళ్లూ ఉండీవి. ఈ కుడికాలికి సిటికెనేలు లేదు. కొడవలి తినేసిన నీ కాలే ఇది వొదినా."

"నాను కదల్లేదే," అంది అచ్చియమ్మ. కాలెత్తి చూసుకుంటే అరికాలికి కాఫీ పొట్టు అంటుకుని ఉంది. "మరి ఎడంకాలు ఈడిసింది ఎవులు?"

ఈశ్వరమ్మ పైటకొంగు భుజాలకు కప్పుకుంది.

కూతురు హేమలత ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కుర్రవాడే, నెమ్మదిగా చెప్పాడు. "నిద్రను మీరు ఆపితే అది ఊరుకోదమ్మా. ఒళ్లు లేస్తుంది, తెలివి లేవదు. అలవాటైన పని చేసేసి వచ్చి పడుకుంటారు, తెల్లారితే గుర్తుండదు. దిగులున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు కొందరికి ఇలా అవుతుంది. రోజూ ఒకే వేళకి పడుకోండి. తలుపు గడియ పెట్టించండి."

"కుంటడం నాకు అలవాటు లేదు బాబూ."

"ఎన్నేళ్లు చూశారు ఆయన నడక?"

"ముప్పై," అంది అచ్చియమ్మ.

ఇంటికొచ్చాక హేమలత తలుపుకి తాళం బిగించింది.

"ఆయనొత్తే?" అడిగింది తల్లి.

"కళ్లం అవతల గెడ్డ ఉందమ్మా. ఓనాడు అందులో తేల్తావు. నాన్నొత్తే నాను తీత్తాన్లే." తాళంచెవి బొడ్లో దోపుకుంది.

తెల్లారి చూస్తే టార్పాలిన్ కదల్లేదు. దానిమీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. హేమలత ఊపిరి పీల్చుకుని లోపలికొచ్చింది. తల్లి చాపమీద వెనకటిలాగే గుర్రు పెడుతోంది. ఎవరు చెప్పినా ఆమె తీయనివ్వని సుక్రు మంచం పక్కన, పడుకున్నవాడి చెయ్యి వాలితే తగిలేంత దగ్గరగా, రాత్రి తల్లి నిండా నింపిన చెంబు పెట్టి ఉంది. అందులో నీళ్లు సగమే ఉన్నాయి. నేలమీద ఒక్క చుక్క తడి లేదు.

"అమ్మా, నీల్లు తాగినావేటి?"

అచ్చియమ్మ లేచి కూర్చుంది. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. "లేదు గుంటా. గొంతు ఎండిపోతంది, కాసిన్ని ఇలాగియ్యి."

హేమలత ఆ చెంబే అందించబోయింది. అచ్చియమ్మ చెంబువైపు చూసింది, మంచంవైపు చూసింది.

"అది అక్కడెట్టీ. మీ నాన్నది," అంది. "నాకు ఏరే దాంట్లో తే."

నీళ్లు వచ్చేలోపే గోడవైపు తిరిగి మళ్లీ నిద్రపోయింది.